ఎక్కువొచ్చిన మార్కుల ఫిర్యాదు

అశోక్‌నగర్‌లో విశ్వేశ్వరరావుగారి కోచింగ్ సెంటర్ రెండో అంతస్తులో ఉండేది. గ్రూప్ టూకి చదివే పిల్లలు లోపల బెంచీల మీదకంటే బయట మెట్ల మీదే ఎక్కువ చదివేవాళ్లు. 2012 వేసవిలో ఆ సెంటర్‌కి సింధూర అనే అమ్మాయి రావడం మొదలుపెట్టింది. చదవడానికి కాదు, ప్రోగ్రాం రాయడానికి. ఇంజనీరింగ్ అయిపోయింది, జావా నేర్చుకుంది, కంపెనీల నుంచి పిలుపు రాక చిక్కడపల్లిలో ఇంటిపట్టునే ఉంటోంది. విశ్వేశ్వరరావుగారు వాళ్ల నాన్నగారి స్నేహితుడు. "మా మాక్ టెస్టుల ర్యాంకులు వేసే ప్రోగ్రాం ఒకటి రాసిపెట్టమ్మా. చేత్తో వెయ్యలేక చస్తున్నాం" అని ఆయన అడిగితే ఎగిరి గంతేసి ఒప్పుకుంది.

పని చూడటానికి చిన్నదే. లెక్చరర్లు జవాబు పత్రాలు దిద్ది పైన ఎర్ర పెన్సిల్‌తో మార్కులు వేస్తారు. జోగారావుగారని ఒక పెద్దాయన ఆ మార్కులను కంప్యూటర్లో కొడతారు. వరుసకొక విద్యార్థి, ముందు హాల్‌టికెట్ నంబరు, పేరు, పక్కన మార్కులు. సింధూర ప్రోగ్రాం ఆ వరుసలు ఒక్కొక్కటే చదివి, ఎక్కువ నుంచి తక్కువకు పేర్చి, ర్యాంకులతో జాబితా అచ్చు వేస్తుంది. దాన్ని మెట్ల గోడకు అంటిస్తారు.

మే నెలలో గ్రాండ్ టెస్ట్ పెట్టారు. నూట యాభై మార్కులకు. అసలు పరీక్షకు ముందు ఎవరి బలమెంతో తేల్చేది అదేనని పిల్లలందరికీ గట్టి నమ్మకం. ఫలితాలిచ్చే మంగళవారం సాయంత్రం మెట్ల మీద కాలు పెట్టే సందు లేదు. సింధూర ప్రోగ్రాం నడిపింది. అది కాస్త దూరం వెళ్లి ఠపీమని ఆగిపోయింది. తెరనిండా ఎర్ర అక్షరాలు.

విశ్వేశ్వరరావుగారు పరుగెత్తుకొచ్చారు. "ఏమైందమ్మా?"

"ఒక అబ్బాయి పరీక్షకి రాలేదంకుల్. మార్కుల దగ్గర ఏబీ అని కొట్టారు. అక్కడ అంకె ఉంటుందనుకుని చదవబోయి ఆగిపోయింది."

"రానివాడొకడి కోసం వచ్చినవాళ్లందరినీ ఆపేస్తుందా? ఎలాగోలా దాటించెయ్ తల్లీ. బయట తలుపు విరగ్గొట్టేలా ఉన్నారు."

దాటించడం ఎలాగో సింధూరకు తెలుసు. మార్కులు చదివే ముక్కను ట్రై అనే దాంట్లో పెట్టాలి. అంటే, ప్రయత్నించి చూడమని చెప్పడం. ప్రయత్నం బెడిసికొడితే క్యాచ్ అనే ముక్క దాన్ని పట్టుకుంటుంది. ప్రోగ్రాం ఆగకుండా ముందుకు పోతుంది. గబగబా రాసింది. జావా ఒప్పుకోలేదు. చదివిన మార్కులు దాచే మార్క్స్ అనే పేరు నాకు తెలియదు పొమ్మంది. నిజమే, ఆ పేరును ట్రై తాలూకు ఫ్లవర్ బ్రాకెట్ల లోపల ప్రకటించింది. ఆ బ్రాకెట్ మూసుకోగానే ఆ పేరుకు కాలం చెల్లింది. బయట దాన్ని ఎవరూ గుర్తుపట్టరు.

బయట పిల్లల గోల. లోపల విశ్వేశ్వరరావుగారి అడుగుల చప్పుడు. సింధూర ఆ ప్రకటన వరుసను కత్తిరించి తీసుకెళ్లి ప్రోగ్రాం మొట్టమొదట అంటించింది. ఇప్పుడు జావా నోరెత్తలేదు. జాబితా బరబరా అచ్చయింది. గోడకు అంటించగానే మెట్ల మీద కేకలు, ఈలలు. సింధూర కుర్చీలో వెనక్కి వాలి ఊపిరి పీల్చుకుంది.

మరునాటికే అశోక్‌నగర్ చౌరస్తాలో ఫ్లెక్సీ లేచింది. కొత్త బ్యాచ్ మొదలయ్యే వారం కాబట్టి విశ్వేశ్వరరావుగారు తొందరపడ్డారు. ఇద్దరు అభ్యర్థులు నూట నలభై రెండు మార్కులతో ప్రథమ స్థానంలో ఉన్నారు. ఒకరు రేణుక. ఆ అమ్మాయి ఎప్పుడూ ముందే ఉంటుంది. రెండో అతను ఓదెలు. దరఖాస్తు మీది ఫోటోనే పెద్దది చేసి వేయడంతో ఫ్లెక్సీలో అతని కళ్లు సగం మూసుకుపోయి ఉన్నాయి.

గురువారం ఉదయం ఆ కళ్లే పూర్తిగా తెరుచుకుని సింధూర బల్ల ముందు నిలబడ్డాయి.

"మేడం, నా మార్కులు తప్పువడ్డయి" అన్నాడు ఓదెలు.

ఇలాంటి ఫిర్యాదులు సింధూరకు కొత్త కాదు. తల ఎత్తకుండానే, "ఎన్ని రావాలండీ?" అంది.

"గన్ని రావద్దు మేడం."

సింధూర తల ఎత్తింది.

"ఎనభై అటీటు వస్తయనుకున్న. నూట నలభై రెండు వడ్డయి. నలభై ప్రశ్నలు నేను ముట్టుకోనే లేదు. ముట్టుకోనియ్యి గూడ రైటైతయా?"

అతను మంథని అవతల ఒక పల్లె నుంచి వచ్చి ఇక్కడ హాస్టల్లో ఉంటున్నాడు. మంగళవారం సాయంత్రం స్నేహితులు అతన్ని భుజాలకెత్తుకుని హాస్టల్ దాకా ఊరేగించారు. నాగేందర్ అనే గది మిత్రుడు ఆగలేక అప్పటికప్పుడు ఓదెలు తల్లి కమలవ్వకు ఫోన్ చేసి చెప్పేశాడు. ఆమె వాడకట్టంతా చెప్పుకుంది. "అందరు ఖుషీగ ఉన్నరు మేడం. నాకొక్కనికే బువ్వ దిగుతలేదు" అన్నాడు.

అప్పుడే లోపలికొచ్చిన విశ్వేశ్వరరావుగారు సంగతి విని నవ్వేశారు. "ఏమయ్యా, ఇన్నేళ్లలో మార్కులు తక్కువొచ్చాయని వచ్చినవాళ్లనే చూశాను. ఎక్కువొచ్చాయని వచ్చినవాడివి నువ్వే మొదలు. లెక్చరర్లు దిద్దారుగా, వచ్చుంటాయిలే. వెళ్లి చదువుకో."

"పేపర్ జర సూపియ్యున్రి సార్" అన్నాడు ఓదెలు, కదలకుండా.

సింధూర కట్టలు విప్పి పత్రం తీసింది. పైన ఎర్ర పెన్సిల్‌తో స్పష్టంగా ఎనభై ఒకటి. ఓదెలు ముఖం వెలిగిపోయింది. "సూసిన్రా! నా అంచనా కరెక్టే ఉన్నది. మొన్నటి టెస్టుల అరవై దాటలే మేడం నేను." మొదటి ర్యాంకు చేజారిన మనిషిలా లేడతను. పోయిన వస్తువేదో దొరికినట్టు ఆ పత్రాన్ని రెండు చేతులా పట్టుకున్నాడు.

సింధూర వెంటనే కంప్యూటర్ వైపు తిరిగింది. జోగారావుగారు కొట్టిన ఫైలు తెరిచింది. ఓదెలు వరుసలో కూడా ఎనభై ఒకటే ఉంది. కంటికి అలాగే కనిపిస్తోంది. కర్సర్ పెట్టి అక్షరం అక్షరం జరిపి చూస్తే, ఆ ఒకటి అంకె కాదు, ఇంగ్లీషులో చిన్న ఎల్ అక్షరం.

జోగారావుగారిని పిలిచి చూపించింది. ఆయన కళ్లజోడు సవరించుకుని తెర దగ్గరకు వంగి నాలుక కరుచుకున్నారు. "పాత టైపు మిషన్లలో ఒకటి అంకెకి కీ ఉండేది కాదమ్మా. ఎల్ కొట్టేవాళ్లం. ముప్పై ఏళ్ల అలవాటు. కాస్త అలిసిపోతే వేలు దానంతటదే అక్కడికి పోతుంది."

అది అక్షరమైతే ట్రై బెడిసికొట్టి ఉండాలి. బెడిసికొట్టింది కూడా. క్యాచ్ పట్టుకుంది. మరి నూట నలభై రెండు ఎక్కణ్ణుంచి వచ్చింది? సింధూర ఆ పై వరుస చూసింది. రేణుకది. నూట నలభై రెండు.

అప్పుడర్థమైంది. మార్క్స్ అనే పేరును తాను తొందరలో అందరికంటే పైన, ప్రోగ్రాం మొదట్లో పెట్టేసింది. అందువల్ల అందరికీ కలిపి ఒకటే మార్క్స్. రేణుక వరుస చదివినప్పుడు అందులో నూట నలభై రెండు చేరింది. ఓదెలు వరుస చదవలేకపోయింది కాబట్టి కొత్త అంకె చేరలేదు. పాతది అలాగే ఉండిపోయింది. ప్రోగ్రాం దాన్నే ఓదెలు పేరు పక్కన రాసి హాయిగా ముందుకు పోయింది.

ఈ సంగతి చెప్తే ఓదెలు కాసేపు ఆలోచించి, "అంటే మా మెస్సుల లెక్కనే. ముందటోడు తిన్న పళ్లెం కడుగకుంట నాకు వెట్టిన్రు. అండ్ల ఆయన పప్పు గట్లనే ఉన్నది" అన్నాడు.

సింధూరకు నవ్వొచ్చింది. "అంతేనండీ. మనిషి మనిషికీ కొత్త పళ్లెం పెట్టాలి."

అతన్ని పక్కన కూర్చోమని ప్రకటన వరుసను కిందికి తెచ్చింది. మరీ ట్రై లోపలికి కాదు, దానికి కాస్త ముందు, ఒక్కో విద్యార్థి వరుస మొదలయ్యే చోట పెట్టింది. ఇప్పుడు ఎవరి మార్క్స్ వాళ్లది. జావా మళ్లీ అడ్డు చెప్పింది. ట్రై బెడిసికొడితే ఇందులో ఏ విలువా ఉండదు, అలాంటి దాన్ని వాడనివ్వను అంది.

"ఏమంటున్నది మేడం?"

"మొదట ఏదో ఒక అంకె పెట్టమంటోంది. సున్నా పెట్టేస్తే సరిపోతుంది" అని సింధూర సున్నా కొట్టబోయింది.

"సున్నా ఎందుకు?" ఓదెలు గొంతు కాస్త లేచింది. "నేను ఎనభై ఒక్క మార్కులకు రాస్తిని. మీ మిషన్ సదవకపోతె నాకు సున్నానా? రాయనోనికి సున్నా ఇయ్యున్రి. రాసినోనికి ఎట్ల ఇస్తరు?"

సింధూర వేళ్లు కీబోర్డు మీదే ఆగిపోయాయి. కాలేజీలో ఈ సున్నాను ఆమె ఎన్నోసార్లు పెట్టింది. ఏ రోజూ ఎవరూ అడగలేదు. సున్నా కూడా ఒక మార్కే. మార్కు తెలియకపోవడం వేరే సంగతి. ఆమె మార్క్స్‌ను ఇంట్ రకంగా ప్రకటించింది. ఆ రకంలో ఏదో ఒక అంకె ఉండి తీరాలి, "తెలియదు" అనడానికి వీల్లేదు. జావాలో ఇంటీజర్ అని ఇంకో రకం ఉంది. దాన్ని ఏమీ లేకుండా కూడా ఉంచవచ్చు. ఆ ఖాళీకి నల్ అని పేరు. సింధూర రకం మార్చింది, మొదట నల్ పెట్టింది. ఎవరికైనా చివరిదాకా నల్‌గానే ఉండిపోతే ర్యాంకు వెయ్యకుండా, "పత్రం సరిచూడాలి" అని వేరుగా అచ్చు వెయ్యమని రాసింది.

"గిప్పుడు మంచిగున్నది" అన్నాడు ఓదెలు, తనే రాసినంత ధీమాగా.

నడిపితే ముగ్గురి పేర్లు వేరుగా వచ్చాయి. మొదటిది పరీక్షకు రాని నరేంద్ర. గోడ మీద జాబితాలో అతనికి తొంభై ఎనిమిది ఉన్నాయి. పరీక్ష రోజు అతను రాజమండ్రిలో బంధువుల పెళ్లిలో ఉన్నాడు. అతను ఫిర్యాదు చెయ్యలేదు. రెండోది ఓదెలు. మూడోది స్వరూప. ఆమె వరుసలోనూ ఒకటి బదులు ఎల్ పడింది. ఆ అమ్మాయికి జాబితాలో నలభై ఆరు ఉంది. జోగారావుగారు కట్టలోంచి ఆమె పత్రం తీసి పైకెత్తారు. నూట ముప్పై ఒకటి.

ఓదెలు చప్పున లేచి నిలబడ్డాడు. "స్వరూపనా? హుస్నాబాద్ పిల్ల? అయ్యో, ఆమె ఊరికి వోతున్నది మేడం. ఈ టెస్టుల మంచిగ రాకపోతె ఇడిసిపెట్టి ప్రైవేటు బళ్లె టీచర్ నౌకరీ జేస్తనని ఇంట్ల మాటిచ్చిందట. పొద్దుగాల్ల మెట్లకాడ అందరికి చెప్పుకుంట పోయింది."

అందరూ విశ్వేశ్వరరావుగారి వైపు చూశారు. ఆయన కుర్చీలో కూలబడి నుదురు రుద్దుకుంటున్నారు. "ఆ అమ్మాయికి మనం విడిగా చెబుదాం. జాబితా మొత్తం మార్చాలంటావా? ఫ్లెక్సీ కూడా కట్టేశాం. నలుగురూ ఏమనుకుంటారు?"

"మార్చాలంకుల్" అంది సింధూర. "ఆమెకి మూడో ర్యాంకు. ఆమె కింద ఉన్నవాళ్లందరి ర్యాంకులూ మారతాయి. తప్పు నాది. అలాగే రాసి అంటించండి, నాకేం ఫర్వాలేదు."

ఆయన ఆమె ముఖంలోకి చూసి, ఓదెలు ముఖంలోకి చూసి, లేచి చొక్కా సర్దుకున్నారు. "ముందు ఆ పిల్లని పట్టుకోండి. జాబితా సంగతి నేను చూస్తాను."

సింధూర, ఓదెలు ఇద్దరూ స్వరూప పత్రం పట్టుకుని పరుగున బయల్దేరారు. ఆడపిల్లల హాస్టల్ రెండు సందుల అవతల. వంటావిడ కురుమమ్మ వాకిట్లో బియ్యం చెరుగుతోంది. "స్వరూపనా? మంచం ఖాళీ జేసింది బిడ్డా. బుక్కులు అమ్మేసొస్తనని చిక్కడపల్లికి పోయింది. సంచి ఈడనే ఉన్నది" అంది.

చిక్కడపల్లిలో పాత పుస్తకాల దుకాణాలు సింధూరకు చిన్నప్పటి నుంచీ తెలుసు. రెండింట్లో అడిగితే రాలేదన్నారు. మూడోది హనుమప్పది. అతను దుకాణం గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. లోపల స్టూలు మీద ఒకమ్మాయి కూర్చుని తలవంచుకుని పుస్తకం చదువుతోంది. పక్కనే తాడు వదులైన పుస్తకాల కట్ట.

"అమ్ముతనని వచ్చింది" అన్నాడు హనుమప్ప గుసగుసగా. "కట్టల కెల్లి గా ఒక్కటి తీసి, జర సూసి ఇస్తనన్నది. గప్పటిసంది సదువుతనే ఉన్నది. అడుగనీకి మనసొస్తలేదు."

ఓదెలు లోపలికి దూకాడు. "చెల్లే! నీకు నూట ముప్పై ఒకటి!"

స్వరూప పుస్తకంలోంచి తలెత్తి చూసింది. ఆమె చేతిలో ఉన్నది భూగోళం. కృష్ణా ఉపనదుల పేజీ తెరిచి ఉంది. "పరాచికాలాడకే అన్నా. నేనే పరేషాన్ల ఉన్న."

"పరాచికాలు కాదండీ" అంది సింధూర, ఆయాసంతోనే పత్రం చాపుతూ. "తప్పు నా ప్రోగ్రాంలో ఉంది. మీ ముందు అబ్బాయి మార్కులు మీకు పడ్డాయి. ఇది మీ పత్రమే, చూసుకోండి."

స్వరూప తన చేతిరాత చూసుకుంది. ఎర్ర పెన్సిల్ అంకెను వేలితో తడిమింది. తర్వాత మెల్లగా, "నూట ముప్పై దాటుతయనే అనుకున్న అక్కా. జవాబుల కీ సూస్కున్న గూడ. నలభై ఆరని సూసినంక, నాకే లెక్క వెట్టుడు రాలేదేమో అనుకున్న" అంది.

"మరి అడగొచ్చు కదా?"

"తక్కువొచ్చినయని అడిగితె ఏమనుకుంటరోనని."

ఓదెలు పకపకా నవ్వాడు. "నేనైతే ఎక్కువొచ్చినయని పంచాయితి వెట్టిన!" ఆ నవ్వుకు హనుమప్ప కూడా నవ్వేశాడు. స్వరూప నవ్వబోయి ఏడ్చింది, ఏడుస్తూనే మళ్లీ నవ్వింది. కట్ట ఎత్తుకోబోతే ఓదెలు లాక్కుని తన నెత్తిన పెట్టుకున్నాడు. దారి పొడవునా స్వరూప ఊళ్లో ఉన్న తన అన్నకు ఫోన్ చేసి చెబుతూనే ఉంది. అటు నుంచి ఆయన నమ్మక మళ్లీ మళ్లీ అడుగుతుంటే, ప్రతిసారీ ఇంకాస్త గట్టిగా "నూట ముప్పై ఒకటి" అని అరిచింది. రోడ్డు మీద వెళ్లేవాళ్లు తిరిగి చూశారు.

వాళ్లు తిరిగొచ్చేసరికి విశ్వేశ్వరరావుగారు మెట్ల మధ్యలో నిలబడి ఉన్నారు. చుట్టూ పిల్లలు. పాత జాబితా ఆయనే చింపేశారు. "లెక్కలో పొరపాటు జరిగింది. కనిపెట్టింది ఓదెలు. దిద్దింది సింధూర. కొత్త జాబితా ఇదిగో" అని గట్టిగా చదివారు. కొందరి ర్యాంకు ఒక మెట్టు దిగింది. ఎవరో గొణిగారు. అంతలో నాగేందర్ "ఓదెలన్నకు జై" అని అరిచాడు. మెట్లన్నీ చప్పట్లతో మోగిపోయాయి. రేణుక కిందికి దిగొచ్చి స్వరూపను వాటేసుకుంది. సింధూర ఒక మూల నిలబడి ఉంటే జోగారావుగారు చెయ్యి పట్టుకుని ముందుకు లాగారు. తను తప్పు చేసిన రోజున తనకోసం చప్పట్లు కొడతారని ఆమె కలలో కూడా అనుకోలేదు.

ఫ్లెక్సీని ఓదెలే నిచ్చెనెక్కి విప్పాడు. ఆ సాయంత్రం తల్లికి ఫోన్ చేసి జరిగింది చెప్పాడు. కమలవ్వ ఆసాంతం విని, "ఎనభై ఒకటంటే మొన్నటికంటె ఎక్వనే గద బిడ్డా. ఇంకేంది మరి? బువ్వ తిన్నవా?" అంది. ఆ పూట అతను మెస్సులో రెండు పళ్లేలు తిన్నాడు.

సింధూర ప్రోగ్రాంకి ఆ తర్వాత పేరొచ్చింది. బర్కత్‌పుర నుంచి, కవాడిగూడ నుంచి కూడా సెంటర్ల వాళ్లు వచ్చి తమకూ రాసిపెట్టమన్నారు. కంపెనీ పిలుపు వచ్చేదాకా ఆమెకు చేతినిండా పని. స్వరూప ఊరికి వెళ్లలేదు. మరుసటి ఏడు ప్రభుత్వ ఉద్యోగం సంపాదించింది. ఆర్డరు చేతికొచ్చిన రోజు సింధూరను, ఓదెలును, జోగారావుగారిని నారాయణగూడలో ఒక టిఫిన్ హోటల్‌కు పట్టుకుపోయింది. ఎవరినీ అడగకుండా అందరికీ నేతి దోసెలు చెప్పింది. ఓదెలు అప్పటికి మాక్ టెస్టుల్లో నూట ఇరవైలకు చేరుకున్నాడు. నీ వంతు ఎప్పుడయ్యా అని జోగారావుగారు అడిగితే, "వస్తది సార్, తొందరేముంది" అంటూ చట్నీ గిన్నె తన వైపు జరుపుకున్నాడు. బయట తొలకరి మొదలైంది. గొడుగు ఎవరి దగ్గరా లేదు. వాన తగ్గేదాకా కూర్చుందామని స్వరూప ఇంకో విడత కాఫీలు చెప్పింది.